‘దెయిర్ లైఫ్’ కాదు, ‘దెయిర్ లైవ్స్’

సంపాదకులకు నమస్కారం.

పోటీ పరీక్షలకు చదువుకుంటున్న మా మేనకోడలు ఈ మధ్య ఒక కోచింగ్ సెంటర్ వారు దిద్ది ఇచ్చిన జవాబు పత్రాన్ని నా ముందు పెట్టింది. వరదలో పదిమంది చనిపోయారన్న వాక్యానికి ఆమె ‘టెన్ పీపుల్ లాస్ట్ దెయిర్ లైవ్స్’ అని రాస్తే, దానిని కొట్టివేసి ఎర్రసిరాతో ‘దెయిర్ లైఫ్’ అని దిద్దారు. అబ్‌స్ట్రాక్ట్ నౌన్‌కు (అంటే భావాన్నో గుణాన్నో తెలిపే నామానికి) బహువచనం ఉండదట! ఏళ్ల తరబడి ఇంగ్లీషు చెప్పి రిటైరైన నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

ఆ సూత్రం సగమే నిజం. సొంతదారులు పలువురైనప్పుడు, ఎవరిది వారికి విడిగా లెక్కకు వచ్చేదైతే ఇంగ్లీషులో ఆ నామం బహువచనమవుతుంది. లెక్కకు అందని గుణమైతే ఎంతమందిదైనా ఏకవచనంలోనే ఉంటుంది. అందుకే ‘దె చేంజ్‌డ్ దెయిర్ మైండ్స్’ అంటారు గాని ‘దెయిర్ హానెస్టీస్’ అనరు. 56 మంది సంతకాలు చేసిన 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన చివరి వాక్యంలో ఈ రెండు పద్ధతులూ పక్కపక్కనే కనబడతాయి. ‘అవర్ లైవ్స్, అవర్ ఫార్చూన్స్’ అని ప్రాణాలనూ సంపదలనూ బహువచనంలో పణంగా పెట్టినవారు, ఆ వెంటనే ‘అవర్ సేక్రెడ్ ఆనర్’ అని గౌరవాన్ని ఏకవచనంలోనే ఉంచారు.

అపాస్ట్రఫీ, అంటే ఇంగ్లీషులో ‘ఫలానావారిది’ అని తెలపడానికి ‘ఎస్’ పక్కన పెట్టే గుర్తు, చెప్పేది సొంతదారుల సంఖ్యనే గాని వెనక వచ్చే నామం సంఖ్యను కాదు. ‘మై సిస్టర్స్ మ్యారేజ్’ అని, అపాస్ట్రఫీని ‘ఎస్’ తర్వాత సరిగ్గానే పెట్టి సెలవు చీటీ రాసిన పిల్లవాణ్ణి, అక్కలిద్దరికీ కలిపి ఒక్కటే పెళ్లా అని అడిగాను. ‘మ్యారేజెస్’ అని ఉంటే ఆ ప్రశ్నే రాదు.

చిక్కంతా మన పలుకుబడిలో ఉంది. ఒక్కడు పోయినా మనం ‘ప్రాణాలు కోల్పోయాడు’ అంటాం. పదిమంది మారినా ‘మనసు మార్చుకున్నారు’ అంటాం. ‘ముగ్గురు కార్మికుల మృతి’ అన్న మన పత్రికల శీర్షికను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి దించితే ‘డెత్’ వస్తుంది. ఇంగ్లీషువాళ్లు అక్కడ రాసేది ‘డెత్స్’.

మా మేనకోడలి మార్కు ఎలాగూ పోయింది. మీ విద్యా పుటలో ఆ కోచింగ్ సెంటర్ వారి సూత్రం వేయవలసి వస్తే, దాని పక్కనే ‘లైవ్స్, మైండ్స్, డెత్స్’ కూడా అచ్చువేయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు