ఆదివారం మీటింగ్: రంగూన్ ఫోటోలు, సవర బొమ్మలు

అందరికీ నమస్కారం.
ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు మన రీసెర్చ్ గ్రూప్ మీటింగ్. ఎప్పటిలాగే శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర, మేడ మీద గదిలో.

వలస వెళ్లినవాళ్లు, గిరిజనులు బొమ్మల్లో ఎలా కనిపిస్తున్నారు, ఆ బొమ్మ ఎవరి చేతిది? ఈసారి మాట్లాడుకునేది ఇదే.

1942లో రెండో ప్రపంచ యుద్ధం వల్ల బర్మా వదిలి, అడవుల్లో నడిచి వచ్చినవాళ్లు మనవైపు చాలామంది. మీ ఇళ్లలో రంగూన్ స్టూడియో ఫోటోలు ఉంటే పెద్దవాళ్లని అడిగి తీసుకురండి. వెనక స్టూడియో ముద్ర, చేతిరాత ఉండొచ్చు, అందుకే రెండువైపులా స్కాన్ చేద్దాం. ఫ్రేములోంచి మాత్రం మీరు తీయొద్దు. అద్దానికి అతుక్కుని ఉంటే మొహాలే ఊడిపోతాయి.

సవర గిరిజనుల బొమ్మల మీద రాస్తున్నవాళ్లకి ఒక మాట. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే ఆ బొమ్మ పూజలో భాగం, పూర్వీకుల కోసం వేసేది. దాన్ని గోడ అలంకారం అని రాస్తే అన్యాయం. ఉత్త 'గిరిజన చిత్రం' అని వదిలేయకుండా, వేసినవారు ఒప్పుకుంటే పేరు, ఊరు రాయండి.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోపు చెప్పండి, టిఫిన్ చెప్పాలి.
ఇంట్లోవాళ్లు సరే అనకుండా ఏ ఫోటో గ్రూపులో పెట్టొద్దు, ప్లీజ్.