ఎర్ర టోపీ

సంపాదకులకు నమస్కారం.

ఒహాయోలో మా అమ్మాయి ఇంట్లో కూర్చుని, అమెరికా రాజకీయాల మీద మీరు వేసే కథనాలన్నీ ఫోన్‌లో చదువుతున్నాను. ఎవరొస్తే వీసాలు ఏమవుతాయో, మన పిల్లల ఉద్యోగాలు ఏమవుతాయో అన్నీ ఉంటాయి. పక్కింటి అమెరికా వాడు మాత్రం వాటిల్లో కనిపించడు. అందుకే ఈ ఉత్తరం.

మేముండేది కొలంబస్ శివార్లలో. కుడివైపు ఇంట్లో ఫ్యాక్టరీలో చేసి రిటైరైన పెద్దాయన, ఎడమవైపు ఒకప్పటి స్కూలు టీచరమ్మ. ఇద్దరివీ ఒంటి బతుకులే. ఒకరోజు ఎండ చుర్రుమంటోందని పెద్దాయన తన ఎర్ర టోపీ నా నెత్తిన పెట్టారు. దాని మీదున్నది ట్రంప్ నినాదమని నాకు తట్టలేదు. వీధి చివరిదాకా నడిచి వస్తుంటే, రోజూ చెయ్యి ఊపే టీచరమ్మ నన్ను చూసి లోపలికెళ్లి తలుపేసుకుంది. మా అమ్మాయి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి "నాన్నా, ముందది తీసెయ్" అంది. ఒకప్పుడు ఈ రెండిళ్లకూ కలిపి ఒకటే నిచ్చెన ఉండేదట.

నేను ఆకాశవాణి వార్తా విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ని. చెవి ఊరుకోదు కదా! పెద్దాయన చూసే ఛానెల్ ఒక గంట, టీచరమ్మ చూసే ఛానెల్ ఒక గంట పెట్టుకుని, "వాళ్లు" అన్న మాట వచ్చినప్పుడల్లా కాగితం మీద గీత గీశాను. రెండు కాగితాలూ నిండిపోయాయి. మా రోజుల్లో బులెటిన్‌లో "వాళ్లు" అని రాస్తే, ఎవరు వాళ్లు, పేరేమిటి అని పై అధికారి కాపీ వెనక్కి పంపేవారు.

ఇక్కడా ఒకప్పుడు అలాంటి కట్టడి ఉండేది. వివాదాస్పద విషయాల మీద రేడియో, టీవీ స్టేషన్లు రెండో పక్షం మాట కూడా వినిపించాలని 1949లో పెట్టిన నిబంధనను 1987లో ఎత్తేశారు. మరుసటి ఏడాదే రిపబ్లికన్ల పక్షాన గట్టిగా మాట్లాడే రష్ లింబా రేడియో కార్యక్రమం దేశమంతటా మొదలైంది. 1996లో ఎమ్మెస్‌ఎన్‌బీసీ, ఫాక్స్ న్యూస్ అనే కేబుల్ వార్తా ఛానెళ్లు కొన్ని నెలల తేడాతో వచ్చాయి; తర్వాత మొదటిది డెమొక్రాట్ల వైపు, రెండోది రిపబ్లికన్ల వైపు మొగ్గాయి. ఆ నిబంధన కేబుల్‌కు వర్తించేది కాదు, నిజమే. కానీ సగం మందికి కోపం తెప్పించినా మిగతా సగంతో వ్యాపారం నడుస్తుందని అందరికీ తెలిసిపోయింది.

మీ పిల్లలు అవతలి పార్టీ వాళ్లను పెళ్లి చేసుకుంటే బాధపడతారా అని 1960లో ఒక సర్వేలో ఇక్కడివాళ్లను అడిగితే, అవునన్నవాళ్లు ఏ పార్టీలోనైనా నూటికి ఐదుగురికి మించలేదు. 2010లో అలాంటి ప్రశ్నే వేస్తే రిపబ్లికన్లలో దాదాపు సగం మంది, డెమొక్రాట్లలో మూడోవంతు మంది అవునన్నారు. పార్టీ అన్నచోట కులం అని చదువుకుంటే మనకు వేరే వివరణ అక్కర్లేదు. ఇక్కడి మన తెలుగు సంఘాల చీలికల జోలికి నేను పోను, మా అల్లుడు ఒకదాంట్లో సభ్యుడు.

తప్పంతా టీవీదేనని నేను అనను. టోపీ తిరిగివ్వడానికి వెళ్లినప్పుడు పెద్దాయన నన్ను గంటసేపు కూర్చోబెట్టారు. వాళ్ల యూనియన్ హాలు అమ్మేశారట. చర్చిలో ఆదివారం పదిమంది కూడా ఉండరట. ఊరి వార్తలు రాసే పేపరు మూతపడి చాలా ఏళ్లయింది. ఇది ఆయనొక్కడి గోడు కాదు. 1950లలో ప్రతి ముగ్గురు కార్మికుల్లో ఒకరు యూనియన్‌లో ఉంటే, ఇప్పుడు పదిమందిలో ఒకరు. చర్చిలోనో మరో ప్రార్థనా మందిరంలోనో సభ్యులైనవాళ్లు 1999లో నూటికి 70 మంది, 2020కి 47 మంది. "ఈ టోపీ పెట్టుకుంటే గ్యాస్ స్టేషన్లో ముక్కూ మొహం తెలియనివాడు కూడా పలకరిస్తాడు" అన్నారాయన. పన్నుల గురించీ సరిహద్దు గోడ గురించీ ఆ గంటలో ఒక్క ముక్క మాట్లాడలేదు.

టీచరమ్మ కోపం తగ్గాక ఆమెతోనూ మాట్లాడాను. శనివారాలు ప్లకార్డు పట్టుకుని నిరసనకు వెళ్తుంది. మోకాళ్ల నొప్పులతో అంతసేపు ఎందుకమ్మా నిలబడతావంటే, "అయ్యాక అందరం కలిసి కాఫీకి వెళ్తాం" అంది.

మీ విలేకరి ఈసారి ఇటు వస్తే వీసాల సంగతి ఎలాగూ రాస్తారు. ఊళ్లో యూనియన్ హాలు ఎప్పుడు అమ్మేశారో, అందులో ఇప్పుడేముందో కూడా కనుక్కోమనండి.

ఇట్లు,
ఒక ఆకాశవాణి విశ్రాంత ఉద్యోగి,
కొలంబస్, ఒహాయో