నిలవున్న కొత్త కారు చూడమని పిలిచేవారికి

ఈమధ్య మా గ్యారేజీకి వచ్చే ఫోన్లలో ఒకటే ప్రశ్న: "యార్డులో ఏడాదిగా అమ్ముడుపోని కొత్త కారట, తగ్గించి ఇస్తామంటున్నారు, తీసుకోమంటారా?" ఇకమీదట దీనికి ఫోన్లో జవాబు చెప్పం. ఎన్నాళ్లు నిలబడిందన్నదాని కంటే ఎలా నిలబడిందన్నదే ముఖ్యం. అది బండి దగ్గరికి వస్తేగాని తెలీదు.

ముందు దెబ్బతినేది బ్యాటరీ. బండి ఆపి ఉన్నా అలారం, లోపలి కంప్యూటర్లు కొద్దికొద్దిగా కరెంటు లాగుతూనే ఉంటాయి. ఛార్జి దిగిన లెడ్ యాసిడ్ బ్యాటరీని అలాగే వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. తర్వాత ఎంత ఛార్జి చేసినా మునుపటి సత్తువ రాదు. మీరు వచ్చే రోజు పొద్దున్నే ఛార్జి ఎక్కించి ఉంచితే మీటరు 12.6 వోల్టులు చూపిస్తుంది, మీరూ సంతోషిస్తారు. మేం అక్కడితో ఆగం, లోడ్ పెట్టి, అంటే ఎక్కువ కరెంటు లాగించి, వోల్టులు నిలబడతాయో లేదో చూస్తాం. ఎలక్ట్రిక్ కారుకి ఈ గొడవ లేదనుకోకండి. దాదాపు అన్నిట్లోనూ 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది, అది పడుకుంటే బండి లేవదు.

టైరు పక్కగోడ మీద నాలుగంకెలు చూడండి. 3524 అంటే 2024లో 35వ వారం. గాలి తగ్గి ఒకేచోట నిలబడితే నేలకానిన చోట టైరు చదునవుతుంది, నడిపితే బండి వణుకుతుంది. కాస్త దూరం నడిపాక కొన్ని సర్దుకుంటాయి. వణుకు అప్పటికీ పోకపోతే టైర్లు మార్పించుకోవాల్సిందే, మొహమాటం వద్దు.

బ్రేకు డిస్కుల మీద ఎర్ర తుప్పు చూసి చాలామంది బెదిరిపోతారు. పైపొర అయితే కాసేపు నడిపి బ్రేకులేస్తే పోతుంది. గుంటలు పడితేనే ఆలోచించాలి. బ్రేక్ ఆయిల్ మాత్రం బండి కదలకపోయినా తేమ పీలుస్తుంది, చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమనేది అందుకే. బానెట్ కింద ఎలుకలు వైర్లు కొరికాయేమో కూడా చూస్తాం. నవ్వకండి, కనబడుతూనే ఉంటాయి.

ఇక ధర. రేపు మీరు అమ్మబోతే కొనేవాడు తయారైన ఏడాది అడుగుతాడు. తగ్గింపు ఆ నష్టానికి సరిపోవాలి, బ్యాటరీ, టైర్ల లెక్క దానికి విడిగా తేల్చుకోవాలి. వారంటీ సాధారణంగా అమ్మిన తేదీ నుంచే మొదలవుతుంది. కానీ బండి అప్పటికే షోరూం పేరుమీద రిజిస్టరై ఉంటే వారంటీ అప్పుడే మొదలై ఉండొచ్చు. ఎప్పటినుంచో కాగితం మీద రాయించుకోండి.

మాకు ఏ షోరూం నుంచీ కమీషన్ రాదు. అందుకే ఈ తనిఖీకి మీ దగ్గరే ఫీజు తీసుకుంటాం, మీరు కొన్నా మానుకున్నా అదే ఫీజు. చూసిందేదో బండి పక్కనే, అమ్మేవాళ్లు వింటుండగానే చెబుతాం. అది ఇబ్బందనుకునేవారు మమ్మల్ని పిలవకపోవడమే మేలు.

అడ్వాన్సు కట్టకముందే పిలవండి, అదీ పగటిపూట. షోరూం లైట్ల కింద పెయింటు మీది పక్షిరెట్ట మచ్చలు సరిగా కనబడవు.