మూడు నెలల డాక్టర్లు ఏజెన్సీకి చాలరు

సంపాదకుడు గారికి నమస్కారం.

ఏజెన్సీలో డాక్టర్ల కొరత గురించి గత వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. ఖాళీలు త్వరలో భర్తీ చేస్తామన్న అధికారుల మాట చూసి కడుపు మండింది. నేను టీచర్‌గా చేరిన రోజుల్లోనూ ఇదే చెప్పారు. రిటైరయ్యాకా ఇదే వింటున్నాను.

నిరుడు మా అమ్మాయిని నొప్పులతో దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఆపరేషన్ థియేటర్ ఉంది, సామాను ఉంది, మత్తు డాక్టరు లేరు. రాత్రి పదకొండింటికి విశాఖ కేజీహెచ్‌ ఆసుపత్రికి రాసిచ్చారు. 108లో ఘాట్ రోడ్డు దిగుతూ పడ్డ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. దేవుడి దయవల్ల తల్లీబిడ్డా క్షేమం. డోలీలో మోసుకొచ్చేవాళ్లలో ఎంతమందికి ఆ దయ దక్కుతోంది?

ఎండీ, ఎంఎస్ విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాలని 2020లో నిబంధన తెచ్చారు. మంచిదే. కానీ మా గిరిజన భాష కువి మాట్లాడే తల్లి తన బాధ ఎలా చెబుతుందో అర్థమయ్యేసరికే ఆ గడువు అయిపోతుంది. అదే ఏడాది వైద్య పరీక్షల నేషనల్ బోర్డు ఎంబీబీఎస్ తర్వాత రెండేళ్ల డిప్లొమాలు పెట్టింది. మత్తు, గైనిక్, పిల్లల వైద్యం అన్నీ అందులో ఉన్నాయి. మెడికల్ కాలేజీ లేని ఆసుపత్రిలోనూ నడపొచ్చు. ఏజెన్సీ ఆసుపత్రుల్లో ఆ సీట్లు పెంచి, ఖర్చు ప్రభుత్వమే పూర్తిగా భరించాలి. గిరిజన ఉపప్రణాళిక నిధుల్లోంచి ఇచ్చినా తప్పులేదు. ఒకటో తారీఖున స్టైపెండ్ పడాలి. తలుపు, నీళ్లు, కరెంటు ఉన్న క్వార్టర్ ఇవ్వాలి. ముఖ్యంగా, వాళ్లకు పని నేర్పే సీనియర్ స్పెషలిస్టుకు కొండ మీద ఉండేందుకు తగిన జీతం ఇవ్వాలి. నేర్పేవాడు లేకుండా సీట్లు తెచ్చి ఏం లాభం?

స్టైపెండ్ కోసం జూనియర్ డాక్టర్లు ఎన్నిసార్లు రోడ్డెక్కారో అందరికీ తెలుసు. 2024లో పీజీ ఇన్‌సర్వీస్ కోటా (సర్వీసులో ఉన్న ప్రభుత్వ డాక్టర్లకు కేటాయించే పీజీ సీట్లు) కోసం పీహెచ్‌సీ డాక్టర్లూ ఆందోళనకు దిగాల్సి వచ్చింది. పల్లెలో పనిచేసినవాడు పై చదువు కోసం పోరాడాలా? శిలాఫలకాలకు వచ్చే నాయకులు ఆ తర్వాత వార్డుల్లో ఎవరున్నారో ఒక్కసారైనా వచ్చి చూడరు.

పాడేరులో మెడికల్ కాలేజీ 2024లో మొదలైంది. మాకెంతో గర్వంగా ఉంది. అయితే ఆ పిల్లలు స్పెషలిస్టులయ్యేసరికి ఎనిమిదేళ్లు దాటుతుంది. అన్నాళ్లూ మా ఆడపిల్లలను అర్ధరాత్రి ఘాట్ దించుతూనే ఉండాలా? ఆరోగ్య మంత్రి గారు, గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) అధికారులు వచ్చే బడ్జెట్‌లోనే ఈ డిప్లొమా సీట్లకు డబ్బు కేటాయించాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అల్లూరి సీతారామరాజు జిల్లా