ఉద్దానం కిడ్నీ రోగుల కండ ఎందుకు కరుగుతోందో అది కూడా రాయండి

ఎడిటర్ గారికి,

మొన్న మీ ఆరోగ్యం పేజీలో కిడ్నీ రోగుల తిండి మీద వేసిన వ్యాసం చదివాను. ఉప్పు, నీళ్లు, పొటాషియం సంగతి బాగానే రాశారు. చివర్లో మాత్రం "మాంసకృత్తులు మానేయడం మంచిది, మనిషి చిక్కిపోతుంటే సరిగ్గా తినడం లేదని అర్థం" అని రెండు ముక్కల్లో తేల్చేశారు, నా పేచీ అంతా అక్కడే. మొదటిది సగమే నిజం. రెండోది మా ఉద్దానం ఇళ్లల్లో ఆడవాళ్ల మీద పడే నింద.

మాది సోంపేట దగ్గర. కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఎటు వెళ్లినా డయాలసిస్‌కి తిరిగే మనిషి ఉన్న ఇల్లు తగలకుండా ఉండదు. మాకు వరసకి బావ ఒకాయన ఉన్నాడు, ఒకప్పుడు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఒకదాని తర్వాత ఒకటి కొబ్బరిచెట్లు ఎక్కి కాయలు దింపిన మనిషి. ఇప్పుడు చొక్కా భుజాల మీద నిలబడదు, జబ్బ పట్టుకుంటే చేతికి తోలే వస్తుంది, కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ మోకాళ్ల మీద ఆన్చాలి. "పెట్టినదంతా తింటన్నాడు తమ్ముడూ, ఎటు పోతందో తెలీదు" అంటుంది మా అక్క. అవతలివైపు వాళ్లేమో ఆవిడ సరిగ్గా పెట్టడం లేదంటారు. నేను కాలేజీలో జువాలజీ చెబుతాను కాబట్టి ఇంట్లో ఈ గొడవ వచ్చినప్పుడల్లా నా దగ్గరికే వస్తారు. వాళ్లకి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది, ఏమనుకోకండి.

కండంటే చాలామటుకు ప్రొటీనే (నీళ్లు తీసేస్తే). ఆ ప్రొటీను ఒకసారి తయారైతే జన్మంతా అలాగే ఉంటుందనుకుంటాం గానీ, పెద్ద మనిషి ఒంట్లో రోజుకి సుమారు 250 నుంచి 300 గ్రాముల ప్రొటీను విరిగిపోయి, ఇంచుమించు అంతే మళ్లీ కొత్తగా తయారవుతుంది. మనం పప్పూ గుడ్డూ చేపా కలిపి తినేది అందులో నాలుగో వంతు అటూ ఇటూ ఉంటుందేమో. కాబట్టి తిండి ఒక్కటే చూస్తే లెక్క తేలదు, ఎంత విరిగిపోతోందో కూడా చూడాలి. కణాల్లో ఈ విరిచే పని ఎక్కువగా చేసేది ప్రొటియాజోమ్. అది కూడా ప్రొటీన్లు ఒకదానికొకటి అమరి తయారైన యంత్రమే.

అది కనబడినదాన్నల్లా విరిచెయ్యదు. పోవాల్సిన ప్రొటీనుకి ముందు యుబిక్విటిన్ అనే గుర్తు పడాలి. అది కూడా 76 అమైనో ఆమ్లాల (ప్రొటీను కట్టే ఇటుకలనుకోండి) బుల్లి ప్రొటీనే. ఇ1 అనే ఎంజైము, కణానికి ఇంధనంలాంటి ఏటీపీ ఖర్చుపెట్టి, యుబిక్విటిన్‌ని సిద్ధం చేస్తుంది, ఇ2 దాన్ని అందుకుంటుంది, ఇ3 అనేది ఒక చేత్తో ఇ2ని, ఇంకో చేత్తో పోవాల్సిన ప్రొటీనుని పట్టుకుని గుర్తు అంటిస్తుంది. దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి, మామూలుగా నాలుగో అంతకంటే ఎక్కువో గొలుసు కడితే గానీ పని జరగదు. ఇ1లు మనిషిలో రెండే, ఇ3లు మాత్రం ఆరొందలకి పైమాటే, ఎందుకంటే ఎవరు పోవాలో ఎంచేది అవే. యుబిక్విటిన్ గుర్తుతో ప్రొటీన్లు ఇలా విరగడాన్ని కనిపెట్టినందుకే ఆరన్ సీకనోవర్, అవ్రామ్ హెర్ష్కో, ఇర్విన్ రోజ్‌లకి 2004లో రసాయనశాస్త్రం నోబెల్ ఇచ్చారు.

ఇక అసలు యంత్రం. ఏడేసి ప్రొటీన్ల వలయాలు నాలుగు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది నడిమి భాగం, మొత్తం 28 ముక్కలు. పైనా కిందా ఆల్ఫా వలయాలు, మధ్యలో రెండు బీటా వలయాలు. కోసే చోట్లు బీటా వలయాల లోపలి గోడకి ఉంటాయి. వాటిలో బీటా 5 అనే ముక్క నీళ్లంటే గిట్టని అమైనో ఆమ్లాల పక్కన కోస్తే, బీటా 2 క్షారగుణం ఉన్నవాటి పక్కన, బీటా 1 ఆమ్లగుణం ఉన్నవాటి పక్కన కోస్తాయి. ఇంత పదునైనవి కణంలో ఊరికే తిరిగితే ఇంకేముంది, అందుకే లోపల దాచిపెట్టి ఉన్నాయి, పైగా ఆల్ఫా ప్రొటీన్ల తోకలు దారికి అడ్డంగా పడి తలుపు మూసి ఉంచుతాయి.

తలుపు తెరిచేది పైన కూర్చునే 19ఎస్ అనే భాగం. దానిలో ఆర్‌పీటీ అనే ఆరు ప్రొటీన్ల వలయం ఒకటుంది. వాటిలో కొన్నిటి తోక చివర్లు ఆల్ఫా ప్రొటీన్ల మధ్య సందుల్లో సరిగ్గా దూరితేనే అడ్డంగా ఉన్న తోకలు పక్కకి జరుగుతాయి. నాకైతే మొత్తం కథలో ఇదే ముచ్చటేస్తుంది, కొద్దిపాటి అమైనో ఆమ్లాల తోక దూరడం మీద అంత పెద్ద యంత్రం పని ఆధారపడి ఉంది. 19ఎస్‌లోనే ఉండే ఆర్‌పీఎన్ 1, 10, 13 అనే ప్రొటీన్లు యుబిక్విటిన్ గొలుసుని పట్టుకుంటాయి. ఆర్‌పీటీలు ఏటీపీ ఖర్చుచేస్తూ ప్రొటీనుని వదులుగా ఉన్న కొస పట్టి లాగి, మడతలు విప్పి, లోపలికి తోస్తాయి. అలా లాగుతుండగా గుమ్మం మీదే ఉండే ఆర్‌పీఎన్ 11 గొలుసుని మొదలుకంటా కోసేస్తుంది. మిల్లులో ధాన్యం పోశాక గోనెసంచి వెనక్కి వచ్చినట్టు, యుబిక్విటిన్ మళ్లీ వాడకానికి బయటికి వచ్చేస్తుంది. లోపలికి పోయినది చిన్న చిన్న ముక్కలై బయటపడుతుంది, వాటిని వేరే ఎంజైములు అమైనో ఆమ్లాలుగా విడదీస్తాయి.

ఇప్పుడు మా బావ జబ్బ దగ్గరికి వద్దాం. బాగున్న కిడ్నీ రోజూ ఒంట్లో తయారయ్యే ఆమ్లాన్ని బయటికి పంపుతుంది. కిడ్నీ దెబ్బతింటే ఆ ఆమ్లం నిలిచిపోతుంది, రక్తంలో ఆమ్లాన్ని అదుపులో పెట్టే బైకార్బొనేట్ తగ్గుతుంది. దానికి తోడు ఇన్సులిన్ మాట కండ సరిగ్గా వినదు, ఒంట్లో లోలోపల వాపు గుణం (ఇన్‌ఫ్లమేషన్) ఉంటుంది. ఇవన్నీ కలిసి కండలో అట్రోజిన్ 1, మర్ఫ్ 1 అనే ఇ3లని పెంచుతాయి. ఈ రెండిటి సంగతి 2001లో బయటపడింది. కండ పోగులు గట్టిగా అల్లుకుని ఉంటాయి కాబట్టి ప్రొటియాజోమ్ వాటిని అలాగే మింగలేదు, ముందు కాస్పేజ్ 3 అనే ఎంజైము వాటిని తుంచుతుంది, తుంచినవాటికి గుర్తులు పడతాయి, ఆ తర్వాత ప్రొటియాజోమ్ విరుస్తుంది. విలియం మిచ్, ఆల్‌ఫ్రెడ్ గోల్డ్‌బర్గ్ బృందాలు 1990లలో ఎలుకల మీద చూపించిందేమిటంటే, ఆమ్లం పెరిగితే ఈ దారి జోరందుకుంటుంది, బైకార్బొనేట్ ఇచ్చి ఆమ్లాన్ని సరిచేస్తే తగ్గుతుంది. మా అక్క అడిగిన "ఎటు పోతంది" అన్నదానికి చాలామటుకు జవాబు ఇదే, ఆవిడ వంటలో లోపం లేదు.

అయితే ప్రొటియాజోమ్‌ని ఆపేసే మందు వేస్తే సరిపోదా అని మా క్లాసులో ఒకడు అడిగాడు. మంచి ప్రశ్నే. అలాంటి మందు ఉంది, బోర్టెజోమిబ్, అమెరికాలో 2003లో మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్‌కి అనుమతి వచ్చింది. అది బీటా 5 దగ్గర అతుక్కుని కోత ఆపుతుంది. మైలోమా కణాలు యాంటీబాడీ ప్రొటీన్లు విపరీతంగా తయారుచేస్తాయి కాబట్టి చెత్త పేరుకుని ముందు అవే చస్తాయి. కానీ ఆ మందుతో కాళ్లూ చేతులూ తిమ్మిర్లెక్కడం మామూలే. బాగున్న కణానికీ ఈ యంత్రం కావాలి మరి, చెడిపోయిన ప్రొటీన్లని తీసేసేది అదే. కండ కోసం యంత్రాన్ని ఆపకూడదు, దాన్ని జోరెక్కిస్తున్నదాన్ని సరిచేయాలి.

తిండి విషయం మీ వ్యాసంలో కలిపేశారు, అది విడదీయాలి. డయాలసిస్ మొదలవక ముందు కిడ్నీ రోగికి ప్రొటీను కొంత తగ్గించమంటారు, డాక్టరూ డైటీషియనూ లెక్క చెప్పి మరీ. డయాలసిస్ మొదలయ్యాక సలహా తిరగబడుతుంది, కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాముల దాకా తినమంటారు, ఎందుకంటే ప్రతిసారీ రక్తంలోంచి అమైనో ఆమ్లాలు కూడా కొట్టుకుపోతాయి. మీ వ్యాసం చదివి డయాలసిస్ మనిషి గుడ్డు మానేస్తే ఎంత నష్టం!

ఇంకోటి, మా వాళ్లు బరువు చూసి ధైర్యం తెచ్చుకుంటారు. డయాలసిస్‌కి ముందు ఒంట్లో నీరు చేరి ఉంటుంది కాబట్టి కండ కరిగినా కాటా మీద అంకె కదలకపోవచ్చు. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపిన చోటు) లేని చేతి జబ్బకి టేపు పెట్టి కొలిచి, నెలనెలా రాసుకుంటే నయం. బైకార్బొనేట్ ఎంతుందో రక్తపరీక్షలో తెలుస్తుంది, తక్కువుంటే మాత్రలున్నాయి, కానీ అవి డాక్టరు చెప్తేనే వేసుకోవాలి. వాటిలోని సోడియం ఒంటికెక్కి నీరు పడుతుంది, బీపీ పెరుగుతుంది. వంటసోడా కలుపుకుని తాగే ప్రయోగాలు దయచేసి ఎవరూ చెయ్యొద్దు.

2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనప్పుడు, హిరమండలం రిజర్వాయరు తాగునీళ్లు పైపుల్లో వచ్చినప్పుడు పేపర్లన్నీ పేజీలు పేజీలు రాశాయి, రాయాల్సిందే. ఆ పేజీల్లో కిడ్నీ ఎంత దెబ్బతిందో చెప్పే క్రియాటినిన్ అంకెలుంటాయి, పడకల లెక్క ఉంటుంది, మనిషి జబ్బ సంగతి ఉండదు. ఆ వ్యాసానికి సవరణ వేసి, డయాలసిస్‌కి ముందు ఎంత తినాలి, తర్వాత ఎంత తినాలి అనేది ఒక కిడ్నీ డాక్టరు చేత, మా వైపు దొరికే తిండితో, చేపా గుడ్డూ పప్పూ పేర్లు పెట్టి మరీ రాయించండి. జిల్లా ఎడిషన్‌లో వేస్తే చాలు, కటింగ్ తీసి డయాలసిస్ సెంటరు గోడకి నేనే అంటిస్తాను.

ఇట్లు,
ఒక జువాలజీ అధ్యాపకుడు,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా