ఒలిచిన బఠానీ వేరు, నానిన బఠానీ వేరు

సంపాదకులకు,

కూరగాయల ధరల పట్టికలో ‘పచ్చి బఠానీ’ అని ఒక్క వరుసే వేస్తున్నారు. తిరుపతిలో ఆ పేరుతో అమ్ముతున్నవి రెండు: కాయ ఒలిచి తీసిన గింజలు, ఎండు బఠానీని రాత్రంతా నానబెట్టి ఉబ్బించినవి. కవర్లో కట్టాక రెండూ ఒకేలా కనబడతాయి, ధర మాత్రం ఒలిచిన వాటిదే వసూలు చేస్తున్నారు.

బఠానీ చలికాలపు పైరు. ఎండ 30 డిగ్రీలు దాటితే పూత రాలుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కాయ రావాలంటే ఊటీ లాంటి చల్లటి చోటి నుంచే రావాలి. ఆ రోజుల్లో ఒలిచిన గింజ చవగ్గా దొరికిందంటే అనుమానించాల్సిందే.

పట్టుకోవడం కష్టమేం కాదు. కాయలో నడిమి గింజలు పెద్దవి, కొసల్లోవి చిన్నవి. కాబట్టి ఒలిచిన రాశిలో చిన్నా పెద్దా కలిసే ఉంటాయి. నానబెట్టినవి జల్లెడ పట్టినట్టు ఒకే సైజు. వేళ్ల మధ్య నొక్కితే తోలు జారి రెండు బద్దలవుతాయి, కొన్నింటికి మొలక ముక్కు కూడా కనబడుతుంది. కొరికితే తీపి ఉండదు, పిండి రుచి. కూరకు పండించే తీపి రకాల్లో చక్కెర పూర్తిగా పిండిగా మారదు, అందుకే అవి ఎండితే ముడతలు పడతాయి. ఎండు బఠానీగా అమ్మేది నున్నటి గుండ్రటి రకం. (జన్యుశాస్త్రానికి పునాది వేసిన మెండెల్ 1866లో అచ్చువేసిన లెక్కల్లోని గుండ్రటి, ముడత గింజలు ఇవే.) ఎంత నానినా దానికి ఆ తీపి రాదు.

రంగు సంగతి ఇంకా ఘోరం. కొన్ని గింజలు గాజు గ్లాసులో నీళ్లు పోసి కలిపి అరగంట ఉంచండి. నీళ్లలోకి పచ్చరంగు దిగితే కలిపారన్నమాటే. ఇలా కలిపే మాలకైట్ గ్రీన్ బట్టలకు వేసే రంగు, తిండిలో దానికి అనుమతి లేదు.

నానబెట్టినవి పనికిరావని కాదు, చాట్‌కు అవే బాగుంటాయి. అలాంటప్పుడు ఎండు గింజలే కొని ఇంట్లో ఎనిమిది గంటలు నానబెట్టి, ఆ నీళ్లు వంపేసి ఉడికించుకుంటే సరి. గింజ మెత్తబడ్డాకే చింతపండు, టమాటా వేయాలి; పులుపు ముందే తగిలితే గింజ ఉడకదు. సున్నం ఎక్కువున్న బోరు నీళ్లతోనూ ఇదే తంటా. వంటసోడా వేస్తే తొందరగా మెత్తబడుతుంది గానీ బి1 విటమిన్ పోతుంది.

ధరల పట్టికలో కాయ, ఒలిచినవి, నానబెట్టినవి అని మూడు వరుసలు వేయండి. ఆహార భద్రతా అధికారులు వేసవిలో ఈ కవర్ల నుంచి నమూనాలు తీయాలి.

– ఒక పాఠకుడు, తిరుపతి