అద్దె గది మోసాలపై ఉపకులపతి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతి గారికి,

వినతిపత్రాలకు జవాబు రానందున ఈ విషయాన్ని అందరి ముందు ఉంచుతున్నాం.

అడ్మిషన్ పూర్తయినా హాస్టల్ సీటు సంగతి తేలడం లేదు. దాంతో దూరపు జిల్లాల విద్యార్థులు ఫోన్‌లోనే గది మాట్లాడుకుంటున్నారు. మోసగాడికి కావలసింది ఆ తొందరే. అద్దె చుట్టుపక్కల కంటే బాగా తక్కువ చెబుతాడు. ఫొటోలు వేరే ప్రకటనలోవి. ఆర్మీలో ఉన్నానని, బదిలీ వల్ల రాలేనని నమ్మించి ఆధార్ కాపీ పంపుతాడు. ఆధార్ మనిషెవరో చెబుతుందే తప్ప ఇల్లు ఎవరిదో చెప్పదు. అది కూడా చాలాసార్లు ఇంకొకరిదే. "మరో ఇద్దరు అడుగుతున్నారు, టోకెన్ అడ్వాన్స్ వేస్తే గది ఆపుతా" అంటాడు. వేశాక గేట్ పాస్‌కని, అగ్రిమెంట్‌కని మళ్లీ అడుగుతాడు. చివరికి వాపసు ఇస్తానంటూ క్యూఆర్ కోడ్ పంపుతాడు. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పిన్ కొడితే పోయేది మన డబ్బే.

ఎన్నో ఇళ్లలో అది వడ్డీకి తెచ్చిన సొమ్ము. ఆడపిల్లలు సామానుతో ఊరు కాని ఊరిలో వీధిన పడుతున్నారు.

రిపోర్టింగ్ తేదీకి ముందే హాస్టల్ జాబితా ప్రకటించండి. సీటు రానివారికి గది దొరికేదాకా క్యాంపస్‌లో తాత్కాలిక వసతి ఇవ్వండి. తాళం తీయించి లోపల చూడనిదే రూపాయి పంపవద్దని, కరెంటు బిల్లు, ఆస్తి పన్ను రసీదుల మీది పేరును డబ్బు వెళ్లే ఖాతా పేరుతో పోల్చుకోవాలని అడ్మిషన్ లెటర్‌లోనే ముద్రించండి. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని కూడా రాయండి. ఆలస్యమైతే సొమ్ము ఖాతాలు మారిపోతుంది.

వచ్చే అడ్మిషన్ల ప్రకటనలోపు రాతపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాం.

ఇట్లు,
హాస్టల్ సీటు అందని విద్యార్థుల తరఫున